హోటల్ జిమ్ములో హాజరు పట్టీ

(స్వర్ణోత్సవాల రెండో రోజు సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు "ఆరోగ్యం – సాంకేతిక పరిజ్ఞానం" అనే అంశం ఇచ్చి, భోజనాలకు ముందు ఇరవై నిమిషాలు కేటాయించారు. ఆకలి వేళ పెద్ద ఉపన్యాసం ఎవరికీ రుచించదు. అందుకని ఒక్క వస్తువును పట్టుకుని మాట్లాడతాను. హోటల్ జిమ్ములో ఓ మూల కనిపించే సైకిలు అది. ఎంత తొక్కినా ఎక్కడికీ పోని సైకిలు. ఈ మధ్య దానికి ఒక తెర, ఇంటర్నెట్టు తోడయ్యాయి. నేను డాక్టరును కాను, ఎలక్ట్రికల్ ఇంజనీరును. కాబట్టి ఒంటి గురించి తక్కువగా, యంత్రం గురించి కాస్త ఎక్కువగా చెబుతాను.

ఈ అంశమే ఎందుకని అడగవచ్చు. ఈ హాల్లో మందుల కంపెనీల తరఫున ఊళ్లు తిరిగేవాళ్లున్నారు. బ్యాంకుల ఆడిటుకు వెళ్లేవాళ్లున్నారు. నాలాగా కొత్త ప్లాంట్లలో యంత్రాలు బిగించి నడిపించి వచ్చేవాళ్లున్నారు. సాఫ్ట్‌వేరు పని మీద అమెరికాకూ ఇక్కడికీ మధ్య తిరిగేవాళ్లున్నారు. మనందరికీ ఒక అనుభవం ఉమ్మడిగా ఉంది. ఇంటి దగ్గర పొద్దున్నే నడక అలవాటు చేసుకుంటాం. క్యాంపు పడుతుంది. కొత్త ఊళ్లో రోడ్డు తెలియదు, కుక్కల భయం, రాత్రి భోజనం ఆలస్యం. మూడు రోజులు మానేస్తాం. తిరిగొచ్చాక నాలుగో రోజు ఇంట్లో కూడా లేవం. అలవాటు తెగేది ఇంట్లో కాదు, ప్రయాణంలో.

మా బ్యాచి వాళ్లం కిందటిసారి కలిసినప్పుడు, వెళ్లిపోయిన మిత్రుల పేర్లు చదివి రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఆ పేర్లలో రెండు, నెలలో సగం రోజులు హోటళ్లలో గడిపినవాళ్లవి. ఇద్దరికీ యాభై అయిదు దాటలేదు. ఇద్దరిదీ గుండెపోటే. వ్యాయామం చేసి ఉంటే బతికేవారని నేను అనను. అలా అనడానికి నాకు తెలిసింది చాలదు, అలా అనడం వాళ్లకు న్యాయమూ కాదు. మిగిలినవాళ్లం ఏం చేయగలమన్నది మాత్రం ఆ రోజు మా ముందుకొచ్చింది. నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న నుంచి పుట్టిందే.

ముందు యంత్రం సంగతి. మన రోజుల్లో సైకిలుకు డైనమో ఉండేది. రాత్రి ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు దాన్ని టైరుకు ఆనించగానే సైకిలు ఒక్కసారి బరువెక్కేది. వెలుగు ఊరికే రాదని సైన్సు మాస్టారు చెప్పడానికి ముందే మన పిక్కలు మనకు చెప్పాయి. హోటల్ సైకిలులో ఉన్నదీ ఆ సూత్రానికి దగ్గరి బంధువే. అందులో ఒక బరువైన చక్రం తిరుగుతుంటుంది. ఆ చక్రం అంచుకు దగ్గరగా అయస్కాంతాలు ఉంటాయి. కదిలే లోహం అయస్కాంతం దగ్గర నుంచి వెళ్తే ఆ లోహంలోనే చిన్న చిన్న సుడి ప్రవాహాలు పుడతాయి. వాటినే ఎడ్డీ కరెంట్లు అంటాం. అవి తమను పుట్టించిన కదలికనే అడ్డుకుంటాయి. లెంజ్ నియమం గుర్తుందా? అదే. లోలకంతో భూమి తిరుగుతోందని చూపించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లియోన్ ఫూకో ఈ ప్రభావాన్ని 1855లో చూపించాడు. సైకిలు మీది నాబ్ తిప్పితే అయస్కాంతాలు చక్రం మీదికి ఇంకాస్త జరుగుతాయి, తొక్కుడు బరువవుతుంది. చక్రానికి ఏదీ తగలదు. అందుకే అరుగుదల లేదు, చప్పుడూ లేదు.

ఇదే ఏర్పాటు మన ఇళ్లలో దశాబ్దాల పాటు గోడ మీద వేలాడింది. పాత కరెంటు మీటరులో అద్దం వెనక నెమ్మదిగా తిరిగే అల్యూమినియం బిళ్ల ఉండేది చూడండి. దాని వేగాన్ని అదుపులో పెట్టేది ఒక చిన్న అయస్కాంతం. ఆ అడ్డు ఉండబట్టే, మనం వాడే కరెంటుకు తగ్గ వేగంతో బిళ్ల తిరిగేది, లెక్క సరిగా వచ్చేది. బిల్లు చూసి తిట్టుకున్నాం గానీ అది చక్కటి ఇంజనీరింగు.

ఈ అయస్కాంతపు అడ్డుకు ఒక గుణం ఉంది. చక్రం ఎంత వేగంగా తిరిగితే అడ్డు అంత పెరుగుతుంది. కాబట్టి నాబ్ కదపకుండా, నిమిషానికి 60 సార్లు తొక్కేవారు 90 సార్లు తొక్కితే శ్రమ ఒకటిన్నర రెట్లతో ఆగదు. సూత్రం ప్రకారం రెండు రెట్లు దాటుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది మంచి వార్త. బరువు తక్కువ పెట్టుకుని, కాళ్లు చురుగ్గా ఆడిస్తే చాలు. నాబ్ బిగించి, మోకాలి మీద భారం వేసి తొక్కనక్కరలేదు.

ఇక తెర మీది అంకెలు. తెర 100 వాట్లు చూపిస్తోందనుకుందాం. అలాగే అరగంట తొక్కితే 180 కిలోజౌళ్ల పని జరిగినట్టు. క్యాలరీల్లోకి మారిస్తే అది 43 కిలోక్యాలరీలే. కానీ మన ఒళ్లు ఖర్చు చేసిన శక్తిలో నాలుగో వంతో, అయిదో వంతో మాత్రమే పెడలు దాకా చేరుతుంది. మిగతాది వేడిగా పోతుంది. ఆ చెమటంతా అందుకే. కాబట్టి ఒంట్లోంచి ఖర్చయింది సుమారు 170 నుంచి 215 కిలోక్యాలరీలు. హోటల్ బఫేలో రెండోసారి ప్లేటు పట్టుకుని లేచే ముందు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. కరెంటు లెక్కలో చెప్పాలంటే, 100 వాట్ల చొప్పున పది గంటలు తొక్కితే వచ్చేది ఒక్క యూనిట్టు. మనిషి ఎంత చిన్న మోటారో అప్పుడు తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పింది మామూలు సైకిలు. దీన్ని ఇంటర్నెట్టుకు కలిపి పెద్ద వ్యాపారం చేసిన కంపెనీ పెలోటన్. 2012లో న్యూయార్కులో మొదలైంది. పెలోటన్ అంటే ఫ్రెంచిలో సైకిలు పందెంలో ఒకరి వెనక ఒకరు దగ్గరగా సాగిపోయే గుంపు. ఇంట్లో ఒంటరిగా తొక్కేవారికి తెర మీద ఒక శిక్షకురాలు, పక్కన వందలమంది పేర్లతో ఒక పట్టిక. గుంపులో ఉన్నామన్న భావన అమ్మడమే వాళ్ల వ్యాపారం. కరోనా రోజుల్లో జిమ్ములు మూతబడితే అమ్మకాలు ఆకాశానికెక్కాయి. జిమ్ములు తెరుచుకోగానే కిందికొచ్చాయి. 2022 ఫిబ్రవరిలో 2,800 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించి, అధిపతిని కూడా మార్చారు. అదే ఏడాది అక్టోబరులో హిల్టన్ హోటళ్లతో ఒప్పందం కుదిరింది. అమెరికాలో హిల్టన్ పేర్లతో నడిచే దాదాపు 5,400 హోటళ్లలో, ఒక్కో జిమ్ములో కనీసం ఒక పెలోటన్ సైకిలు ఉంచాలన్నది ఆ ఒప్పందం. ఇళ్లలో అమ్ముడుపోవడం తగ్గిన సైకిలుకు హోటళ్లు దారి చూపించాయి.

ప్రయాణికుడికి దీనివల్ల ఏం ఒరిగింది? డల్లాసులో ఎక్కినా, చికాగోలో ఎక్కినా అదే తెర, అదే నాబ్. తన ఖాతాతో లోపలికి వెళ్తే కిందటి వారం ఎంతసేపు తొక్కాడో, ఎంత శ్రమపడ్డాడో కనబడుతుంది. తాను ఎక్కడికి వెళ్తే లెక్క అక్కడికి వస్తుంది. ఊరు మారగానే తెగిపోయే అలవాటు గురించి చెప్పాను కదా, ఆ తెగే చోట ఇది ఒక ముడి వేస్తుంది. నా ఉద్దేశంలో ఈ యంత్రం చేసిన అసలు మేలు అదొక్కటే. పాటలు, కేకలు, రంగురంగుల గీతలు పైపై అలంకారాలు.

మన దేశంలో ఆ కంపెనీ అమ్మకాలు లేవు. ఇక్కడి హోటళ్లలో ఎక్కువగా వేరే కంపెనీల సైకిళ్లు ఉంటాయి. కంగారు లేదు. 2017లో బ్లూటూత్ ప్రమాణాలు చూసే సంస్థ వ్యాయామ యంత్రాల కోసం ఒక ఉమ్మడి భాష ఖరారు చేసింది. ఆ భాష తెలిసిన సైకిలు ఏ కంపెనీదైనా, ఆ భాష తెలిసిన యాప్ మీ ఫోనులో ఉంటే రెండూ మాట్లాడుకుంటాయి. పక్కపక్కన నాలుగు సైకిళ్లుంటే మీరెక్కిన సైకిలునే ఫోనులో ఎంచుకున్నారో లేదో చూసుకోండి. లేకపోతే పక్కాయన చెమట మీ ఖాతాలో పడుతుంది.

ఇప్పుడు మార్కుల సంగతి. ఈ యంత్రాలు రెండు పట్టీలు చూపిస్తాయి. ఒకటి మార్కుల పట్టీ, మీరు ఎన్నో ర్యాంకు, మీకంటే ముందు ఎవరున్నారు. రెండోది హాజరు పట్టీ, ఏ రోజు వచ్చారు, ఎంతసేపు ఉన్నారు. కంపెనీలు మొదటిదాన్ని పెద్దక్షరాలతో చూపిస్తాయి, ఎందుకంటే పోటీ పెడితే మనిషి వదలడు. యాభై దాటిన మనకు మాత్రం అక్కరకొచ్చేది రెండోదే.

మార్కుల పట్టీని నమ్మకపోవడానికి సాంకేతిక కారణం కూడా ఉంది. కొన్ని సైకిళ్లలో బలాన్ని నేరుగా కొలిచే సెన్సరు ఉంటుంది. కొన్నిటిలో అది ఉండదు. నాబ్ ఎక్కడుంది, కాళ్లు ఎంత వేగంగా తిరుగుతున్నాయి అని చూసి, ముందే వేసి పెట్టుకున్న పట్టిక ప్రకారం వాట్లు అంచనా వేస్తాయి. హోటల్ సైకిలు రోజూ పదిమంది ఎక్కే సైకిలు. సర్దుబాటు తప్పి ఉండవచ్చు. అదే శ్రమకు ఒక హోటల్లో 140 చూపిస్తే ఇంకో హోటల్లో 115 చూపించవచ్చు. పరీక్ష పేపరు దిద్దే మాస్టారు ఊరూరా మారుతుంటే ర్యాంకుకు విలువేముంది? నిమిషాలు మాత్రం ఎక్కడైనా నిమిషాలే.

హాజరుకు ఎంత కావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులైతే కనీసపు లెక్క పూర్తి. ఒక్కసారికి పది నిమిషాలైనా ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలన్న పాత మాట 2020 మార్గదర్శకాల్లో లేదు. మీటింగుకు ముందు ఎనిమిది నిమిషాలు దొరికితే అదీ చెల్లుతుంది. ఓ మోస్తరు శ్రమ అంటే ఎంత అని తెర మీద వెతకనక్కరలేదు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంతే కొలత.

ఇక కొన్ని జాగ్రత్తలు. ఇవి పెద్దలకు, ముఖ్యంగా పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లి హోటళ్లలో దిగే గురువులకు చెబుతున్నాను.

మొదటిది, ఇది మన సైకిలు కాదు. మన సైకిలు మీద తొక్కడం ఆపితే చక్రం తిరుగుతుంది, పెడలు ఆగుతుంది. ఇలాంటి చాలా జిమ్ము సైకిళ్లలో చక్రం తిరుగుతున్నంతసేపు పెడలూ తిరుగుతుంది. వేగంలో ఉండి కాలు హఠాత్తుగా ఆపబోతే అది కాలిని లాక్కుపోతుంది. ఆపాలంటే నాబును కిందికి నొక్కాలి, అదే బ్రేకు. ఎక్కగానే నెమ్మదిగా పది చుట్లు తొక్కి, నొక్కి ఆపి చూడండి. ఆ తర్వాతే వేగం.

రెండోది సీటు. పక్కన నిలబడితే సీటు మీ తుంటి ఎముక ఎత్తులో ఉండాలి. కూర్చుని పెడలు కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. సీటు కడ్డీ మీద అంకెలుంటాయి. మీకు సరిపోయిన అంకె రాసుకుంటే అదే రకం సైకిలు మళ్లీ దొరికినప్పుడు వెతుక్కోనక్కరలేదు. బిగించారో లేదో చేత్తో ఊపి చూశాకే ఎక్కండి. 2023 మేలో పెలోటన్ తన మొదటి రకం సైకిళ్లు సుమారు 22 లక్షలకు సీటు కడ్డీలు మార్చిస్తామని ప్రకటించాల్సి వచ్చింది. కడ్డీ విరిగిన ఫిర్యాదులు 35, దెబ్బలు తగిలినవి 13. అన్ని లక్షల్లో ఇవి తక్కువే, కానీ పడ్డవాడికి అది నూటికి నూరు.

మూడోది, మీ వివరాలు. హోటల్ సైకిలు తెర నిజానికి ఒక టాబ్లెట్ కంప్యూటరు. అది పదిమందిది. 2021 మేలో, ఖాతాను గోప్యంగా పెట్టుకున్నవారి వయసు, ఊరు, వ్యాయామం వివరాలు కూడా బయటివాళ్లకు దొరికే లోపం పెలోటన్ సర్వర్లలో ఉందని భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. ఆ మరుసటి నెలలో మెకాఫీ పరిశోధకులు ఇంకోటి చూపించారు. పెలోటన్ వారి ఖరీదైన రకం సైకిలు దగ్గరికి వెళ్లగలిగినవాడు, యూఎస్‌బీ ద్వారా అందులో తన సొంత సాఫ్ట్‌వేరు ఎక్కించగలడని. ఇంట్లో సైకిలు దగ్గరికి ఎవరొస్తారు? హోటల్లో అయితే ఎవరైనా వస్తారు. రెండు లోపాలనూ తర్వాత సరిచేశారు. అదే ఏడాది జనవరిలో జో బైడెన్ అధ్యక్షుడవుతున్నప్పుడు, కెమెరా, మైకు ఉన్న ఆయన పెలోటన్ సైకిలును వైట్‌హౌస్‌లోకి రానివ్వాలా వద్దా అని పత్రికలు రాశాయి కూడా. మనం అంత పెద్దవాళ్లం కాము. అయినా దిగేటప్పుడు లాగౌట్ అయ్యామో లేదో చూసుకోవడం, బ్యాంకుకు వాడే పాస్‌వర్డు అక్కడ వాడకపోవడం మన చేతిలో పనే. పాస్‌వర్డు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఖాతా జోలికి పోకుండా ఊరికే తొక్కండి. కాళ్లకు ఖాతా అక్కరలేదు.

నాలుగోది డాక్టర్ల మాట, నేను చేరవేస్తున్నాను అంతే. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా వెంటనే దిగి సాయం పిలవండి. షుగరుకు ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లకు శ్రమలో షుగరు పడిపోవచ్చు. జేబులో నాలుగు పంచదార బిళ్లలు ఉంచుకోండి. చాలా ఏళ్ల తర్వాత మొదలుపెట్టేవాళ్లు ముందు ఒకసారి డాక్టరును కలవండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. యంత్రం హాజరు రాస్తుంది. గైర్హాజరైతే ఏం చేస్తుంది? ఫోనుకు ఒక సందేశం పంపుతుంది, చందా గడువు గుర్తు చేస్తుంది. చందా కట్టడం మానేస్తే అదీ ఉండదు. మన బడిలో అలా కాదు. మూడు రోజులు రాకపోతే క్లాసు మాస్టారు పక్కింటి పిల్లాడిని పంపేవారు, ఏమైందో కనుక్కు రమ్మని. ఆ ఆరా తీయడం ఇంటర్నెట్టుకు చేతకాదు.

అందుకని మా బ్యాచి వాట్సాప్ గ్రూపులో ఏడాదిగా ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ ఊళ్లో ఉన్నా, సైకిలు తొక్కినా, నడిచినా, హోటల్ మెట్లెక్కినా, అయిపోగానే గ్రూపులో "ప్రెజెంట్ సార్" అని రాయాలి. వాట్లు రాయకూడదు, కిలోమీటర్లు రాయకూడదు, ఫోటో అసలే వద్దు. రెండు వారాలు ఎవరైనా కనబడకపోతే ఆ నెల వంతు ఉన్నవాడు ఫోను చేయాలి. కిందటి వానాకాలంలో ఒకడు అలాగే కనబడలేదు. ఫోను చేస్తే, పని ఎక్కువగా ఉందన్నాడు. కాసేపు మాట్లాడాక, రెండంతస్తులు ఎక్కితే ఛాతీలో బరువుగా ఉంటోందని, ఇంట్లో ఇంకా చెప్పలేదని బయటపడింది. ఇద్దరం వెళ్లి ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకెళ్లాం. రెండు స్టెంట్లు వేశారు. ఇప్పుడు ఈ హాల్లోనే కూర్చుని ఉన్నాడు. పేరు చెప్పనని మాటిచ్చాను.

మన సంఘానికి నా విన్నపం ఇది. ప్రతి బ్యాచి ఇలాంటి హాజరు పట్టీ ఒకటి పెట్టుకోవాలి. క్యాంపుల మీద తిరిగేవాళ్ల పేర్లు ముందుగా రాయండి, ఎందుకంటే హోటల్ గదిలో ఒంట్లో బాగోలేకపోతే తలుపు తట్టేవాళ్లు ఉండరు. రిటైరైన మాస్టార్లను కూడా మీ బ్యాచి పట్టీలో చేర్చుకోండి. ఒకప్పుడు మన హాజరు వాళ్లు తీసుకున్నారు, ఇక వాళ్ల హాజరు మనం తీసుకోవచ్చు.

బయట వడ్డన మొదలైందని సైగ చేస్తున్నారు. వచ్చే నెల మీలో ఎవరైనా ఏ హోటల్లో దిగినా, రిసెప్షనులో తాళం తీసుకునేటప్పుడే జిమ్ము ఏ అంతస్తులో ఉందో అడగండి. గదిలోకి వెళ్లి మంచం మీద వాలాక అడగాలనిపించదు.